ఒక్క ముఖానికే చోటు

పరుపులు కుట్టే ఆవిడ ఇంట్లో తెల్లారి లేస్తే దూదే. జుట్టులో దూది, తినే ముద్దలో దూది. ఆవిడ కూరుతూ ఉంటే కూతురు ఎదురుగా కూర్చుని పెద్ద సూదితో అంచులు కుట్టేది.

ఏడాదికోసారి ఫొటోగ్రాఫరు వచ్చేవాడు. ఒక సామాన్యురాలి జీవితాన్ని మొదట్నుంచి చివరిదాకా తియ్యాలని ఆయన పట్టుదల. ఇంత జనంలో ఆయనకి ఈవిడే దొరికింది. ఆయన ఫొటోలో పడనిది ఆ ఇంట్లో మిగిలేది కాదు. మొదటిసారి మొగుణ్ణి "బాబూ, కాస్త పక్కకి జరుగు" అన్నాడు. ఆ మంచిమనిషి జరిగాడు. ఫొటో అయ్యాక చూస్తే ఆయనా లేడు, ఆయన చెప్పులూ లేవు. మరుసటేడు అత్తగారు పోయింది. దానికి ఆవిడ మరీ అంత ఏడవలేదనుకోండి. ఆపైన మంచం, అద్దం.

ఇదేం చోద్యమని వీధిలో ఎవరూ అనలేదు. "ముఖం పడితే మనిషి పడ్డట్టే. అందరూ పడాలంటే ఎలా?" అని సర్దిచెప్పారు.

ఒక ఏడు ఒళ్ళు మండి తలుపేసుకుంది. ఆయన కిటికీలోంచే ఫొటో తీసుకుపోయాడు. తల్లీకూతుళ్ళు మిగిలారు, వంటగది పోయింది. అప్పట్నుంచి ఆయన వస్తున్నాడంటే చాలు, గిన్నెలూ దుప్పట్లూ పక్కన పోగేసుకుని, కూతుర్ని కొంగుకి ముడేసుకుని కూర్చునేది.

"చెల్లెమ్మా, ఇది ఫొటోనా, సంతా? నీ జీవితం ఇంత కిక్కిరిసి ఉంటుందా?"

"ఉండేది సార్, మీరు రాకముందు."

ఈ ఏడు ఆయన కెమెరాకి పొగగొట్టమంత లెన్సు తగిలించుకొచ్చాడు.

"ఈసారి ముఖం ఒక్కటే. ఇంకేం వద్దు."

ఆవిడ కొంగుముడి ఇంకా బిగించింది. "పిల్లని చెంపకి ఆనించుకుంటాను సార్."

"ఇద్దరికీ సగం సగమే పడుతుంది. చూసుకో మరి."

"నువ్వు కూర్చోమ్మా, నేను జరుగుతాలే" అంది కూతురు, పని పంచుకుంటున్నట్టు.

"నోర్ముయ్!"

ఇరవై ఏళ్ళయినా నిండని పిల్ల, ఈ గది తప్ప ఏం చూసిందని? ఆవిడ పిల్ల జుట్టులో దూది ఏరి, రెక్క పట్టుకుని పీట మీద కూలేసింది.

"దీన్ని తియ్యండి సార్. అచ్చం నా పోలికే."

"ఇన్నేళ్ళుగా నిన్నే తీస్తున్నాను కదా!" అని గొణుగుతూనే ఆయన లెన్సులోంచి చూశాడు. అదే ముక్కు. కళ్ళ కింద అదే నలుపు, ఈ వయసుకే. "పర్లేదు, సరిపోతుంది" అన్నాడు.

తల్లి పిల్ల చెవి దగ్గరికి వంగింది. "ఇల్లు కూడా పోతుంది. పోనీ. ఇల్లు లేనిదాన్ని మళ్ళీ ఏడు ఎక్కడని వెతుకుతాడు? అవగానే నడిచిపో. ఆగకు."

"అమ్మా..."

"కదలకు!" అని గోడవైపు జరిగింది.

ఆయన నొక్కాడు.

గోడ లేదు, తల్లి లేదు, సగం కుట్టిన పరుపు లేదు. కింద పీట కూడా లేక పిల్ల దబ్బున నేల మీద పడింది. కాసేపు ఒట్టి నేలని చేత్తో తడిమింది. తర్వాత లేచి, గొంతు పగిలేలా ఏడుస్తూ వీధిలోకి నడిచింది.

ఫొటో అద్భుతంగా వచ్చింది. ఆయన మురిసిపోయి తలెత్తేసరికి పిల్ల మలుపు దాకా వెళ్ళిపోయింది.

"చెల్లెమ్మా!" అని కేకేశాడు.

ఆ పిలుపు వాళ్ళమ్మది. పిల్ల ఆగలేదు.