స్లాబు ఆగిన రోజు

గేటుకి తాళం వేసి ఉంది. దాని ముందు వాచ్‌మన్ కర్రతో పొడుగక్క తమ్ముడి వీపు చీరేస్తున్నాడు. తమ్ముడి చేతుల్లో కూతురుంది. దెబ్బ పిల్లకి తగలకుండా అతను వంగి, వీపంతా వాడికే అప్పజెప్పాడు. తెల్లారినప్పటి నుంచి పిల్లకి వాంతులూ విరేచనాలూ. పిల్ల తడిగుడ్డలా వేలాడుతోంది.

పై అంతస్తు నుంచి పొడుగక్క చూసింది. ఆమె నెత్తిన కాంక్రీటు గమేళా ఉంది. ఆ రోజు స్లాబు వేస్తున్నారు. మధ్యలో ఆపితే పోసింది గట్టిపడుతుంది, కొత్తది దానికి అతకదు. అందుకే పని అయ్యేదాకా ఎవరూ గేటు దాటకూడదని కంట్రాక్టరు హుకుం.

గమేళా విసిరేసి ఒక్క పరుగున దిగింది.

"నా మేనకోడలయ్యా అది! ఆస్పత్రికి పోనియ్!"

"పోయినోడు మళ్లీ వస్తాడని నమ్మకమేంటి?" అన్నాడు వాచ్‌మన్, కర్ర దించకుండానే.

ఒక్కొక్కరే పని వదిలి దిగారు. రోగం ఎక్కణ్ణుంచి వచ్చిందో అందరికీ తెలుసు. గోడలు తడపడానికి గుంటలో నిలవబెట్టిన పాచినీళ్లే పిల్లలకి తాగునీళ్లు. మంచినీళ్లడిగితే, "మీ ఊళ్లో పన్నీరు తాగేవాళ్లా?" అన్నాడు కంట్రాక్టరు. సూదులేసే నర్సమ్మ వస్తే, "వీళ్లు ఇక్కడివాళ్లు కాదు" అని గేటు దగ్గరే తిప్పి పంపాడు.

"ఆవేశపడకండమ్మా," అన్నాడు పెద్దమేస్త్రీ. "పరాయి చోటు. మనకి అటు నుయ్యి, ఇటు గొయ్యి. సాయంత్రానికి స్లాబు అయిపోద్ది. పిల్లని నేనే ఎత్తుకుపోతా."

"సాయంత్రానికి నువ్వు మోసేది శవాన్నే బాబాయ్!" అంది పొడుగక్క.

"మరి తిరగబడి ఏం తింటాం?"

"తిరగబడక తిన్నదేంటి, తన్నులేగా!"

మాటామాటా పెరుగుతుండగా తమ్ముడు గొణిగాడు.

"అక్కా... కళ్లు తెరిచే ఉందే. నన్ను చూడట్లేదు."

పొడుగక్క పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి తగల్లేదు. వంగి చెవి ఆనించింది. గుండె చప్పుడూ లేదు.

కంట్రాక్టరు గదిలోంచి వచ్చాడు. పిల్లకేసి ఒకసారి, పైన స్లాబుకేసి ఒకసారి చూశాడు.

"అయిపోయిందిగా. ఇంక ఆస్పత్రితో పనేముంది? ఎక్కండి పైకి, మాలు ఆరిపోతోంది."

ఎవరూ కదల్లేదు. పెద్దమేస్త్రీ ఒక్కడే నడిచాడు. ఎక్కుతాడేమో అనుకున్నారు. అతను నేరుగా కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గరికి పోయి దాన్ని ఆపేశాడు.

కంట్రాక్టరు ఇనుపకడ్డీ అందుకుని ముసలివాడి తల మీద మోదాడు. పెద్దమేస్త్రీ తడి కాంక్రీటులో బోర్లా పడ్డాడు. నెత్తురు అందులోకి పాకింది. అతను మళ్లీ లేవలేదు.

"షెడ్లలో ఇంకా పిల్లలు కక్కుతున్నారు!" పొడుగక్క గొంతు చించుకుంది. "వాళ్లనీ పాతిపెట్టుకుందామా?"

పారలు లేచాయి. సెంట్రింగు కర్రలు లేచాయి. కంట్రాక్టరు మనుషులు కడ్డీలతో మీద పడ్డారు. ఒకామె దవడ పగిలింది. ఒకడి కన్ను పోయింది. అయినా వెనకడుగు లేదు. రోజంతా సిమెంటు మోసే చేతులవి, కొడితే ఎముక విరిగింది. వాచ్‌మన్ మణికట్టు పొడుగక్క పార కింద పటుక్కుమంది. కంట్రాక్టరు పారిపోబోయి పక్కనే ఉడుకుతున్న సున్నం గుంటలో పడి, చావుకేకలు పెట్టాడు. అతన్ని లాగడానికి అతని మనుషులు కూడా ఆగలేదు.

మగవాళ్లు ఒక ఇనుప స్తంభం ఎత్తి గేటుని కుమ్మారు. రెండో పోటుకి అది కూలింది.

రోగపు పిల్లల్ని చంకనేసుకుని తల్లులు రోడ్డెక్కారు. అందరికంటే ముందు తమ్ముడు, చచ్చిన కూతురితో.

పోలీసులు వచ్చేసరికి ఆ పిల్లలంతా ఆస్పత్రి లోపల ఉన్నారు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ పొడుగక్కని లాఠీలతో బాది, జుట్టు పట్టి వ్యానులోకి ఈడ్చారు.

"స్లాబంతా నాశనం చేశారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఏం సాధించావే? చచ్చిన పిల్ల లేచొచ్చిందా?"

ఆమె నోట్లోని నెత్తురు ఉమ్మింది.

"రాలేదు. చావబోయే పిల్లలు ఆగారు."

ఆస్పత్రి ఎదుట, రోడ్డుకి అవతల ఇంకో భవనం లేస్తోంది. అక్కడి మిల్లరు రొద ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ పక్కదీ ఆగింది. తట్టలు దించి, చంకల్లో పిల్లలతో జనం దిగి వస్తున్నారు, పోలీసు వ్యాను వైపే.