ఊపిరి తగిలిన చీమలు

ల్యాబులో చీమల గదిలోకి వెళ్ళేవాళ్ళు చెప్పులు బయట విడవాలి, చీమల్ని పెంచే పెట్టె మూత తీసేముందు ఊపిరి బిగబట్టాలి. ఈ రెండో నియమం పెట్టింది, ఆమెతో పాటు అక్కడే పనిచేసిన ఆమె భర్తే. మనిషి ఊపిరి తగిలితే చాలు, ఏదో జంతువు గూట్లో మూతి పెట్టిందనుకుని చీమలు హడలిపోతాయి. అందుకే అతను మూత మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళనీ "బిగబట్టు, బిగబట్టు" అని ప్రాణం తీసేవాడు. ల్యాబులో అందరూ అతన్ని బిగబట్టు మాస్టారు అనేవాళ్ళు, అదీ మొహం మీదే. అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. నవ్వొస్తే మాత్రం వరండాలోకి వెళ్ళి నవ్వి వచ్చేవాడు.

మాస్టారు పోయి ఏడాది కావస్తోంది. అతను కూర్చునే ఎత్తుపీట ఆ గదిలో అలాగే ఉంది. దాని మీద కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కానీ ఎవరూ కూర్చోరు. గదిలోకి వెళ్ళినవాళ్ళకి వెనక నుంచి ఎవరో "బిగబట్టు" అన్నట్టే ఉంటుందట. ఆమెకైతే ఉంటుందట కాదు, ఉంటుంది.

చీమల్ని పట్టేది అతను, వాటి లోపలి సంగతి చదివేది ఆమె. వీళ్ళు పెంచే జాతిలో, రాణి చచ్చిపోయిన గూట్లో కూలి చీమల్లో ఒకటి మెల్లమెల్లగా రాణి అవుతుంది. కొత్తగా వచ్చిపడే జన్యువులేమీ ఉండవు. ఉన్నవాటిలోనే నిద్రపోతున్నవి కొన్ని లేస్తాయి, మెలకువగా ఉన్నవి కొన్ని పడుకుంటాయి. లేచిన జన్యువు తన పేర ఆర్‌ఎన్‌ఏ పుట్టిస్తుంది. ఆ ఆర్‌ఎన్‌ఏని చదివితే చీమ బుర్రలో ఆ క్షణాన ఏం నడుస్తోందో తెలుస్తుంది. ఆ క్షణం దొరకాలంటే ఓపిక కావాలి. మూత తీసి, చీమలు సర్దుకునేదాకా అరగంట పక్కనే, ఊపిరి పెట్టె మీద పడకుండా బొమ్మలా కూర్చుని, అప్పుడు పట్టకారుతో ఒక్కొక్కదాన్నీ తీసి ద్రవ నత్రజనిలో వేయాలి. ఉన్నపళంగా గడ్డకట్టిపోతుంది చీమ. ఆ అరగంటలో ఎవరైనా పెట్టె మీద ఊపిరి వదిలారా, బెదురు జన్యువులు లేచి కూర్చుంటాయి, నమూనా చెడుతుంది.

వాళ్ళిద్దరి గొడవా దీని మీదే వచ్చింది. ఒక మీటింగులో ఆమె తెర మీద అతని నమూనాల లెక్క చూపించింది. బెదురు జన్యువులన్నీ నిక్కపొడుచుకుని ఉన్నాయి. ఆమె ఊరుకుంటే సరిపోయేది. "మన బిగబట్టు మాస్టారికే బిగబట్టడం చేతకాలేదు" అంది. గది గదంతా గొల్లుమంది. అతను మాత్రం నవ్వడానికి వరండాలోకి వెళ్ళలేదు.

ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. అతను తిన్నాడు, పడుకున్నాడు, బస్సెక్కి ల్యాబుకి పోయాడు, వచ్చాడు, నోరు మాత్రం విప్పలేదు. ఆమె కూడా తక్కువ తినలేదు, తనే ముందు పలకరించడమేమిటని భీష్మించుకుని కూర్చుంది. వారం చివర ఒక సాయంత్రం ల్యాబు నుంచి ఇంటికి వస్తూ అతను బస్సు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆఖరి స్టాపులో కండక్టరు వచ్చి భుజం తట్టేసరికే గుండె ఆగిపోయి ఉంది.

ఏడాదిగా ఆమెని పట్టి పీడిస్తున్నది ఒక్కటే ప్రశ్న. కోపంతోనే పోయాడా? అడగడానికి మనిషి లేడు. నిద్రపోదామంటే ఆ వారం నాటి మౌనం వచ్చి పక్కలో పడుకుంటుంది.

ఆ వారం అతను పట్టిన చీమలు ఫ్రీజరులోనే ఉండిపోయాయి. వాటిని ముట్టుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. చివరికి ల్యాబు నడిపే పెద్దాయనే "ఎన్నాళ్ళని దాచుకుంటాం అమ్మా, ఆర్‌ఎన్‌ఏ చదివించడానికి పంపిద్దాం" అన్నాడు. పంపించారు. ఫలితాలు వచ్చాయి.

ఆ వారంలో మొదటి రోజుల నమూనాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. చీమలకి పక్కన మనిషి ఉన్నాడన్న సంగతే తెలియదు. ఆఖరి రోజువి మాత్రం గగ్గోలు పెడుతున్నాయి. ఇది నిజంగా ఊపిరేనా అని పోల్చి చూడటానికి ఆమె పాత పరీక్ష ఫైలు తెరిచింది. ఊపిరి తగిలితే ఏ జన్యువులు లేస్తాయో తెలుసుకోవాలని ఒకప్పుడు అతనే ఒక పెట్టె మీద కావాలని ఊది పట్టిన చీమల లెక్క అది. తెరవగానే ఆ లెక్కని గుర్తుపట్టింది. ఆనాడు మీటింగులో తెర మీద చూపించింది ఈ ఫైలే. అతని నమూనాలు అనుకుని, ఊదిన చీమల్ని చూపించి, పదిమందిలో అతని పరువు తీసింది. తప్పు అతనిది కాదు, ఆమెది.

పెద్దాయనకి ఆ సంగతి చెప్పింది.

"అయిపోయిందేదో అయిపోయింది. ఆఖరి రోజువి లెక్కలోంచి తీసేద్దాం అమ్మా. పాపం, గుండె అప్పటికే మొరాయిస్తోందేమో. ఆయాసపడి ఉంటాడు" అన్నాడు.

ఓదార్పుగానే అన్నాడు. ఆమెకి మాత్రం కొత్త దయ్యం పట్టుకుంది. మాట్లాడే దిక్కు లేక, ఆ పీట మీద ఒంటరిగా రొప్పుతూ కూర్చున్నాడా?

మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. అత్తగారు మంచం మీద ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఆవిడ పక్కన కూలబడి ఏదీ దాచకుండా చెప్పేసింది.

"ఆయాసం లేదు, పాడూ లేదు" అంది అత్తగారు. "వాగి ఉంటాడు."

"ఎవరితో అత్తయ్యా? గదిలో ఎవరూ లేరు."

"వాడికి మనుషులతో పనేంటి? చిన్నప్పట్నుంచీ అంతేనమ్మాయ్. కోపం ఉన్నంతసేపూ ఉలుకూ పలుకూ ఉండదు. దిగాక మొదలవుద్ది గోల. పెరట్లోకి పోయి గోడతో చెప్పుకునేవాడు. 'అమ్మా, నిన్న నేను' అని ఓసారి, 'అది కాదమ్మా' అని ఇంకోసారి. మాట కుదిరేదాకా ఆ గోడకి చెవులు చిల్లులు పడాల్సిందే. కుదిరిందా, ఇంక నోరు మెదపడు. తిన్నగా నా దగ్గరికొచ్చి ఆ ఒక్క ముక్కా చెప్పేసి పోయేవాడు."

"తప్పు నాదైతే తనెందుకు మొదలెట్టాలి?"

"తప్పెవరిదైతే ఏంటే? ఎవరో ఒకళ్ళు మొదలెట్టకపోతే మాటలెట్టా కలుస్తాయి?" అంటూ అత్తగారు చేతిలో ఉన్న దుప్పటిని మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

ఆమె వెంటనే బయల్దేరి ల్యాబుకి వెళ్ళింది. ఆఖరి రోజు నమూనాలన్నీ ఇంతవరకూ ఒకే కుప్పగా చూసింది. ఇప్పుడు చీమల్ని దాచిన గొట్టాల మీద అతను వేసిన గుర్తులు చూసి, అతను తెరిచిన వరుసలో ఒక్కో పెట్టెనీ విడదీసింది. ఆయాసమైతే పొద్దు గడిచేకొద్దీ పెరగాలి.

పెరగలేదు. మొదటి పెట్టెలో చీమలు హడలెత్తిపోయి ఉన్నాయి. తర్వాతి వాటిలో బెదురు తగ్గుతూ వచ్చింది. సాయంత్రం తెరిచిన ఆఖరి పెట్టెలో బెదురు ఆనవాలే లేదు. అరగంటసేపూ అతను ఎప్పటిలాగే ఊపిరి అదుపులో పెట్టుకుని, బొమ్మలా కూర్చున్నాడు. అంటే మాట కుదిరింది. కుదిరిన మాట పట్టుకుని ఇంటికి బయల్దేరి, బస్సెక్కాడు.

ఆమె బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. కోపంతో పోలేదు. ఏడాదిగా గుండెల మీద కూర్చున్న బరువు లేచి వెళ్ళింది. లేచిన చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది.

కళ్ళు తుడుచుకుని, చెప్పులు విడిచి, చీమల గదిలోకి వెళ్ళింది. అతని పీట మీద కూర్చుంది. ఆ ఆఖరి పెట్టె మూత తీసింది. అవే చీమల సంతతి, నిశ్చింతగా తిరుగుతున్నాయి. వెనక నుంచి "బిగబట్టు" అని వినిపించింది. ఆమె బిగబట్టలేదు.

"ఏం చెబుదామని బయల్దేరావు?" అని అడిగింది.

ఊపిరి తగిలి చీమలన్నీ చెల్లాచెదురుగా పరిగెత్తాయి. పాపం, వాటికేం తెలుసు? మొదటి పెట్టెల్లోని చీమలు అతను వెతుక్కున్న మాటలన్నీ విన్నాయి. దొరికిన మాట ఏదో ఈ పెట్టెలో ఏ చీమా వినలేదు. అప్పటికి అతను నోరు మూసుకుని, ఆమె కోసం దాచుకున్నాడు.