కొండ్రపాలెం బడికి గదులెన్ని?

నేను ఒక అడ్మిషన్ రిజిస్టరుని. ఒంగోలు ప్రెస్సులో అచ్చై, ఎర్ర గుడ్డ బైండుతో కొండ్రపాలెం ప్రాథమిక పాఠశాల బీరువాలోకి చేరాను. బళ్లో చేరే పిల్లలెవరైనా ముందు నాలో చేరాలి. ఇద్దరు హెడ్మాస్టర్ల హయాంలో ఏడాదికో పేజీ నిండేది. సువార్తమ్మ హెడ్మిస్ట్రెస్‌గా వచ్చేసరికి అదీ తగ్గింది. ఊళ్లోవాళ్లు పిల్లల్ని టౌను బస్సు ఎక్కిస్తున్నారు.

అప్పుడే ఊరిపక్కన గ్రానైటు ఫ్యాక్టరీలు లేచాయి. ఒడిశా కుటుంబాలు వచ్చి రేకుల షెడ్లలో దిగాయి. వాళ్ల పిల్లలు ఒకరి వెంట ఒకరు వచ్చి బడి వరండాలో కూర్చోసాగారు. సువార్తమ్మ వాళ్లను తరమలేదు. అలాగని నాలో రాయనూ లేదు. ఉన్న రెండు గదుల్లో ఒకటి పెచ్చులూడుతోంది. రాస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి?

కొత్త గదులకు అంచనా వేయడానికి ఇంజనీరు మహబూబ్ బాషా వచ్చాడు. నన్ను తిరగేసి, ముప్పై ఎనిమిది మందికి ఉన్న రెండు గదులే చాలన్నాడు.

“వరండాలో ఉన్నోళ్ల సంగతేంది సార్?” అంది సువార్తమ్మ.

“వాళ్లు రిజిస్టర్లో లేరుగా మేడమ్.”

“గదుల్లేక రాయలా. రాయలేదని గదులివ్వరా?”

బాషా నన్ను మూసి బల్ల మీద పెట్టాడు. కాగితాలు పంపడానికి సోమవారం దాకా వ్యవధి ఉందని మాత్రం చెప్పి వెళ్లాడు.

ఆదివారం చర్చి నుంచి సువార్తమ్మ నేరుగా బడికొచ్చి, నన్ను చంకన పెట్టుకుని షెడ్లకు నడిచింది. పిల్లల పుట్టినరోజులు అడిగితే తల్లులు ఏ వానకు పుట్టారో చెప్పారు. ఆమె ఓపిగ్గా లెక్కకట్టి తేదీలు వేసింది. సాయంత్రానికి నాలో యాభై రెండు కొత్త పేర్లు. పిల్లలు పుట్టడానికి ఏ ఆఫీసు మంజూరూ అక్కర్లేదు. వాళ్లు కూర్చోవడానికే కావాలి.

సోమవారం బాషా మళ్లీ వచ్చి ఆ పేర్లన్నీ వేలు పెట్టి చదివాడు. ఒకప్పుడు కాలవ పని జరిగేచోట తను నాలుగు గదులు కట్టించాడట. పని అవగానే జనం వెళ్లిపోయారు. ఇప్పుడు వాటిల్లో గొర్రెలు పడుకుంటున్నాయని చెప్పి, వీళ్లు వచ్చే ఏడు ఉంటారా అని అడిగాడు.

సువార్తమ్మ వరండాలోకి వెళ్లింది. కూతుర్ని దింపడానికి వచ్చిన కుంతల అనే రాతి పాలిషింగు కూలీని పిలిచి అడిగింది.

“రాయి ఉంటే ఉంటాం,” అంది కుంతల వచ్చీరాని తెలుగులో. మళ్లీ కూతురి వైపు చూసి, “బడి ఉంటే ఇంకా ఉంటాం.”

బాషా అంచనాలో మూడు కొత్త గదులు రాశాడు. నాలుగోది అవసరమైతే పైన వేసుకునేందుకు, కట్టేటప్పుడు స్తంభాల ఇనుప చువ్వలు కప్పు మీదికి వదిలించాడు.

ఆ గదులు ఒక ఏడు కిక్కిరిశాయి. ఒక ఫ్యాక్టరీ మూతపడిన ఏడు సగమే నిండాయి. మళ్లీ పుంజుకున్నాయి. మొన్న కొత్త ఇంజనీరు వచ్చి, పై గది వేయాలా, పిల్లలెంతమంది అని అడిగాడు. బల్ల మీద ఎదురుగా నేనే ఉన్నాను. సువార్తమ్మ నన్ను ముట్టుకోలేదు. చెప్పులేసుకుని, “ముందు షెడ్ల దాకా నడుద్దాం రండి సార్,” అంది.