రెండు చుక్కల అత్తరు

యేసుమణి తన చేలో పండిన వట్టివేళ్ళను బట్టీలో ఉడికించి తీసిన నూనెకు పచ్చి మట్టి వాసన వచ్చింది. పరదేశపు సెంటు కంపెనీకి పోయే శాంపిల్ సీసా ఇలా ఉంటే పరువేం కావాలనుకుని, పండుగలకు దాచుకున్న గులాబీ అత్తరు రెండు చుక్కలు కలిపి పంపింది.

ఈరోజు శంషాబాద్ కార్గో గేటు దగ్గర ఏజెంటు కరుణ్ ఆ సీసాను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"కల్తీ అని తేల్చిండ్రక్కా. అసలు నూనె ఉంటెనే మళ్ళ పంపుమన్నరు."

"మట్టి వాసన పోవాలని జర అత్తరు కలిపిన తమ్మీ, గంతే."

"వాళ్ళు కొనేదే ఆ మట్టి వాసన కోసమక్కా!"

అసలు నూనె డబ్బాల నిండా ఉందన్న ధైర్యంతో రావిర్యాల చేరింది. వాకిట్లో భర్త యెషయా చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. ఇల్లంతా గులాబీల వాసన.

"నువ్వు సీసల కలిపినట్లే, డబ్బాలన్నిట్ల అత్తరు కలిపిన."