నిలువుకాళ్ళ కొలువు

ఉదయం ఆరుంపావు. తెల్లవారుజామున మొదలైన సన్నని వాన ఇంకా తెరిపి ఇవ్వలేదు. గాలి మాత్రం లేదు, చినుకులు కిటికీ అద్దం మీద నిటారుగా జారుతున్నాయి. మంచం అంచున కూర్చుని, ఒళ్ళు పట్టే పనివల్ల అందరూ నూనె పిన్ని అని పిలిచే ఆమె ఎడమకాలికి కట్టు చుట్టుకుంటోంది. చీలమండ దగ్గర మొదలుపెట్టి, ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పేలా, మరీ బిగువు కాకుండా, మరీ వదులు కాకుండా మోకాలి దాకా తెచ్చింది. చీలమండకు లోపలివైపు బొత్తామంత పుండు ఉంది. దాని చుట్టూ చర్మం వంకాయ రంగుకు తిరిగి తోలులా గట్టిపడింది.

ఆ పుండు ఏమిటో ఆమెకు తెలియనిది కాదు. ఇటువంటి కాళ్ళు ఆమె చేతుల్లోంచి చాలానే వెళ్ళాయి. "ఇది నా చేతిలో లేదమ్మా, డాక్టరుకి చూపించుకో" అని ఆమే వాళ్ళకు చెప్పి పంపింది. తన దాకా వచ్చేసరికి ఆ మాట మింగేసింది. కారణం చాలా చిన్నది. డాక్టరు విశ్రాంతి తీసుకోమంటాడు. విశ్రాంతి అంటే ఈ గది. ఈ గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడ అవతల పక్కవాళ్ళ టీవీ మోత తప్ప మరేమీ లేవు. భర్త పోయాడు, పిల్లలు కలగలేదు, అదే ఊళ్ళో వేరే పేటలో తమ్ముడు ఒక్కడున్నాడు. అతను ఎప్పుడైనా ఫోను చేసి "బాగున్నావా అక్కా" అంటాడు. ఆమె బదులు పలికేలోగా "సరే, ఉంటా మరి" అని కూడా తనే అంటాడు.

కట్టు మీద నల్లని మేజోడు తొడుక్కుని, గొడుగు తీసుకుని ఆమె పనికి బయలుదేరింది.

కుట్టు దుకాణం మీది మేడలో రెండు గదుల స్వస్థత కేంద్రం అది. పూర్వం ఆసుపత్రిలో నర్సుగా చేసిన ఒకావిడ దాన్ని పెట్టింది. చిన్నా పెద్దా అందరూ ఆవిడను అక్కయ్య అంటారు. వయసులో పెద్దదైన పిన్ని కూడా అలాగే పిలుస్తుంది. ముందు గదిలో చాపలు పరిచి అక్కయ్య ఊపిరి వ్యాయామాలు నేర్పుతుంది. లోపలి గదిలో ఎత్తయిన చెక్కబల్ల ఉంటుంది. దాని మీద పడుకున్నవాళ్ళ ఒళ్ళు పట్టడం పిన్ని పని. బాలింతలకూ పసిబిడ్డలకూ నూనె రాసే విద్య ఆమెకు అత్తగారి చేతినుంచి వచ్చింది. అత్తగారి నోటినుంచి వచ్చినవి మాత్రం ఆమె ఎవరికీ చెప్పేది కాదు.

ఆ లోపలి గదికి ఒక పద్ధతి ఉంది. పడుకున్న మనిషి ముఖం కనబడకుండా తల మీదుగా తువ్వాలు కప్పుకోవాలి. ఆ తువ్వాలు కిందనుంచి ఏమైనా చెప్పుకోవచ్చు: భర్త తాగుడు, తోటికోడలి ఎత్తిపొడుపులు, మేనేజరు చూపులు. పిన్ని బదులు చెప్పదు. విన్న మాట మెట్లు దిగదు. ఈ పద్ధతి వల్ల అందరికీ గుండె బరువు దిగేది. కానీ దానివల్లనే ఎవరూ అనుకోని మరొకటి కూడా జరిగింది. వాళ్ళ వీపులు, మడమలు పిన్నికి కంఠస్థం. ముఖాలు మాత్రం తెలియవు. వాళ్ళకు ఆమె చేతులు తెలుసు, మనిషి తెలియదు. మొన్నొకనాడు కూరగాయల అంగడిలో ముందు నిలబడ్డ ఒక పిల్ల ఎడమ భుజం కుడిదానికన్నా దిగివుండడం చూసి, పిన్ని గుర్తుపట్టింది. కడుపు పోయిన సంగతి కన్నతల్లికి కూడా చెప్పకుండా బల్ల మీద చెప్పుకుని ఏడ్చిన పిల్ల అది. ఆ పిల్ల వెనక్కి తిరిగి, "కొంచెం జరుగుతారా అండీ" అంది. పిన్ని జరిగింది.

వీధికి అవతల మూడంతస్తుల బట్టల దుకాణం ఉంది. అక్కడి అమ్మకపు పిల్లలు తెరిచింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలన్నది యజమాని నియమం. ఒకనాడు ఒక పిల్ల కాళ్ళు వాచి, కేంద్రం మెట్లు ఎక్కలేక ఎక్కి వచ్చింది. అక్కయ్య ఆమె పాదాలను ఉప్పు వేసిన వేడినీళ్ళలో పెట్టించింది, డబ్బు తీసుకోలేదు. మరుసటి వారం ఆ పిల్ల ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. అలా ప్రతి శుక్రవారం సాయంత్రం ముందు గదిలో గుండ్రంగా బకెట్లు, బేసిన్లు పెట్టడం, కాళ్ళు నీళ్ళలో ఉన్నంతసేపూ కబుర్లు సాగడం మామూలైంది. కుట్టు దుకాణం ఆవిడ, వంటపని చేసేవాళ్ళు, పక్క బడి ఆయాలు కూడా చేరారు. ఒకరి బిడ్డకు జ్వరమొస్తే మరొకరు చూసుకునేవారు. కాళ్ళ గురించి మొదలైన మాట కుర్చీల దాకా వెళ్ళింది. అక్కయ్య కార్మిక శాఖకు ఫిర్యాదు రాసింది, పత్రికవాళ్ళతో మాట్లాడింది, మెట్ల దగ్గర 'నిలబడేవాళ్ళకు కుర్చీలివ్వాలి' అని బోర్డు పెట్టింది. దుకాణంలో నోరు విప్పడానికి పిల్లలు భయపడుతున్నారని తెలిసి, ఈ శుక్రవారం సాయంత్రం ఆ శాఖ ఆఫీసరే ఇక్కడికి వస్తానన్నాడు.

"సాయంత్రం నువ్వు కూడా రెండు మాటలు చెప్పాలి పిన్నీ" అంది అక్కయ్య, పిన్ని గొడుగు మడుస్తుండగా.

"నాకు మాటలెక్కడివి. నూనె కావాలంటే చెప్పు, కాస్తాను."

మధ్యాహ్నం భోజనాల విరామంలో, ఆ దుకాణంలో పనిచేసే గలగల మాటల పిల్ల వచ్చి బల్ల మీద బోర్లా పడింది. ఆ పిల్లను అందరూ రేడియో అంటారు.

"పిన్నీ, ఈ కాళ్ళు తీసేసుకుని కొత్తవి ఇవ్వవూ? మా కొట్లో అయితే పాత వాటికి ఎక్స్‌ఛేంజి ఆఫరుంది."

పిన్ని గోరువెచ్చని నూనె అరచేతుల్లో పోసుకుని, పిక్కలను కిందినుంచి పైకి ఒత్తడం మొదలుపెట్టింది.

"సాయంత్రం మా ఓనరు కూడా వస్తాట్ట. ఆయన్ని చూస్తే నాకు మాట పడిపోతుంది. నాకు మాట పడిపోవడం నువ్వెప్పుడైనా విన్నావా?" రేడియో తల మీది తువ్వాలు సవరించుకుంది. "నువ్వయినా చెప్పరాదూ? మా అందరి కాళ్ళూ నీకు తెలుసుగా."

పిన్ని పద్ధతి తప్పలేదు. ఆ మడమను రెండు చేతుల మధ్య పట్టుకుని, మామూలుకన్నా కొంచెం ఎక్కువసేపు అలాగే ఉంచింది. రేడియో నిద్రపోయింది. నిద్రపోతున్న ఆ వీపు పక్కన నిలబడి, తన ఎడమకాలిలో మొదలైన పోటు పిక్క లోపల కొక్కెంలా దిగబడడాన్ని పిన్ని పట్టించుకోకుండా ఉండడానికి ప్రయత్నించింది.

సాయంత్రానికి వాన వెలిసింది. ముందు గది కిక్కిరిసింది. కళ్ళజోడు తుడుచుకుంటూ ఆఫీసరు వచ్చాడు. అతని వెనకే బట్టల దుకాణం యజమాని వచ్చి, అందరికీ వినయంగా తలవంచాడు. మెత్తని మనిషి, గొంతు పెంచడం ఎరుగడు. పిల్లల పాదాలు బేసిన్లలో కదలకుండా ఉండిపోయాయి. అప్పుడు రేడియో గొంతు సవరించుకుని, "సార్, నేను రాత్రిళ్ళు కలలో కూడా నిలబడే ఉంటున్నానండి" అంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో తక్కినవాళ్ళకూ నోళ్ళు వచ్చాయి.

యజమాని అంతా ఓపికగా విన్నాడు. తరువాత లోపలి గది తలుపు వైపు చూశాడు.

"అక్కయ్యగారూ, తప్పుగా అనుకోవద్దు. మీ దగ్గర ఒళ్ళు పట్టే ఆవిడ కూడా పొద్దస్తమానం నిలువుకాళ్ళ మీదే కదా ఉండేది. ఆవిడ కూర్చునే స్టూలు ఏది? నాకు కనిపించలేదు, అందుకని అడిగాను."

అక్కయ్య లోపలికి చూసింది. బల్ల ఉంది, నూనె సీసాల అర ఉంది, తువ్వాళ్ళ కొయ్య ఉంది. రోజుకు ఎన్నిసార్లు చూసినా ఆవిడకు తట్టని సంగతి అప్పుడు తట్టింది. ఆవిడ చెడ్డది కాదు. అందరి పాదాల గురించీ ఆలోచించింది. ఆ పాదాలను పట్టుకున్న మనిషి కూడా పాదాల మీదే నిలబడి ఉందన్నది మరిచింది.

"మీరు చెప్పండమ్మా" అన్నాడు ఆఫీసరు, గుమ్మంలో నిలబడ్డ పిన్నితో.

పిన్నికి ఒక్కసారిగా అన్నీ తెలిశాయి. మేజోడు దించి చూపిస్తే చాలు. నిలబడడం మనిషిని ఏం చేస్తుందో అంతకన్నా పెద్ద సాక్ష్యం ఆ గదిలో ఎవరి దగ్గరా లేదు. కానీ ఆ సాక్ష్యం యజమాని మీదికి పోదు. అక్కయ్య మీద పడుతుంది. అక్కయ్య మాట చెల్లకపోతే పిల్లలకు కుర్చీలు రావు, ఈ శుక్రవారాలు ఉండవు. అన్నిటికన్నా ముందు, రేపటినుంచి తనను ఇంట్లో పడుకోమంటారు.

"ఉందండీ స్టూలు" అంది. "కాలు ఊగుతుంటే వడ్రంగి దగ్గరికి పంపాం. అయినా నాకే కూర్చోబుద్ధి కాదు. చేతి బలం పోతుంది."

ఆఫీసరు తల ఊపి రాసుకున్నాడు. నెల తిరిగేలోగా దుకాణంలో ప్రతి అంతస్తులోనూ అమ్మకపు పిల్లలకు స్టూళ్ళు వేయాలని, రద్దీ లేనప్పుడు కూర్చోనివ్వాలని అక్కడికక్కడే చెప్పాడు. యజమాని మళ్ళీ వినయంగా తలవంచి మెట్లు దిగాడు. పిల్లలు ఒకరినొకరు పట్టుకుని నవ్వారు, ఏడ్చారు, బేసిన్లు తన్నేశారు. నేలంతా తడి అయింది. పిన్ని గుడ్డ తెచ్చి తుడిచింది.

అందరూ వెళ్ళాక అక్కయ్య గుమ్మంలో అడ్డుగా నిలబడింది.

"ఎందుకు అబద్ధమాడావ్ పిన్నీ?"

"అబద్ధమేముంది. రేపు కొంటావుగా."

"ఏదీ, నీ కాళ్ళు చూపించు."

"రేపు."

"పోనీ కాసేపు నీళ్ళలో పెట్టి వెళ్ళు. నేను కాళ్ళు పడతాను."

పిన్ని ఆవిడ ముఖంలోకి చూసింది. తన కాళ్ళు మరొకరు పడతాననడం ఆమె వినడం అదే మొదలు. ఒక్క క్షణం ఆమె చెయ్యి మేజోడు అంచు దాకా వెళ్ళింది.

"నీళ్ళు చల్లారిపోయాయి" అని గొడుగు తీసుకుంది.

మరునాడు పొద్దున అక్కయ్య చెక్క సామాన్ల కొట్టు తెరిచేదాకా కాచుకుని, ఎత్తయిన స్టూలు ఒకటి, వీపు ఆనించుకునేది, బేరమాడకుండా కొని, తనే మోసుకుంటూ మెట్లెక్కింది. మధ్యాహ్నమైనా పిన్ని రాలేదు. అక్కయ్య వెళ్ళి, గది అద్దెకిచ్చిన ఇంటావిడ చేత తలుపు తీయించేసరికి పిన్ని మంచం అంచున, గోడకు ఒరిగి కూర్చుని ఉంది. కట్టు సగం విప్పివుంది. ఫోనులో తమ్ముడి పిలుపు ఒకటి, ఎత్తనిది, కనిపించింది. కాలి నరంలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకు చేరిందని డాక్టరు చెప్పాడు.

శుక్రవారాల మనుషులందరూ కడసారి చూడడానికి వచ్చారు. ఆమె పాదాలను వాళ్ళు చూడడం అదే మొదటిసారి. రేడియో వాటి దగ్గర కూర్చుని, మడమను రెండు చేతుల మధ్య పట్టుకుని, ఎవరు పిలిచినా లేవలేదు, మాట్లాడలేదు.

దుకాణంలో స్టూళ్ళు వచ్చాయి. ఆ తరువాత చుట్టుపక్కల దుకాణాల్లోనూ వచ్చాయి. శుక్రవారాలకు చోటు చాలక, కొన్నేళ్ళకు అక్కయ్య కేంద్రాన్ని పెద్ద ఇంటికి మార్చింది. సామాను తీయిస్తూ చెక్కబల్ల జరిపించినప్పుడు, దానికీ గోడకూ మధ్యనున్న ఇరుకు సందులో, నడుమెత్తున, అరచేతుల వెడల్పు నూనె మరక బయటపడింది. ఒకరు లేచి మరొకరు వచ్చేలోగా పిన్ని నూనె చేతులు వెనక్కి ఆనించి, గోడకు ఒరిగి నిలబడిన చోటు అది. కూలీలు రెండుసార్లు పిలిచినా అక్కయ్య అక్కణ్ణించి కదలలేదు.

అక్కయ్య ఖాళీ చేశాక ఆ గదుల్లో ఒక ట్యూషను మాస్టారు దిగాడు. ఆయన గోడకు సున్నం వేయించాడు. మరక పైకి తేలింది. రంగు వేయించాడు, మళ్ళీ తేలింది. చివరికి అక్కడ మేకు కొట్టి క్యాలెండరు తగిలించాడు.