అత్తను చంపిన మొగులయ్య

టీవీ సీరియళ్లంటే మొగులయ్యకు ఒళ్లుమంట. కోడలు మేడ మెట్లెక్కడానికే వారం పట్టింది. ఆలోగా ఫలక్‌నుమా లోకల్ రైలు సికింద్రాబాద్‌కు ఎన్నిసార్లు పోయొచ్చిందో! అత్త పాయసంలో విషం కలుపుతూనే ఉంటుంది, పాయసం మానేద్దామని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచదు.

అయినా రోజూ చూడక తప్పలేదు. ఒక్కరోజూ సీరియల్ వదలని ఎదురింటి మజీదాకు కంటి ఆపరేషన్ అయింది, డాక్టర్ టీవీ వద్దన్నాడు. సాయంత్రం చూసిన కథ పొద్దున్నే ఆమెకు చెప్పేవాడు. గల్లీలో ఆయన కోతలను మధ్యలో లేచిపోకుండా వినేది ఆమె ఒక్కతే.

ఒకనాడు విసుగొచ్చి తను చెప్పే కథలో అత్తను చంపేశాడు. మామూలు చావు కాదు, పెళ్లి ఊరేగింపులో ఏనుగు బెదిరి తొక్కేసింది. కోడలి కష్టాలు తీరాయని మజీదా సొరకాయతో కద్దూ కీర్ వండి గల్లీ అంతా పంచింది. మొగులయ్య రెండు గిన్నెలు లాగించాడు.

ఇవాళ డాక్టర్ ఇక టీవీ చూడొచ్చన్నాడు. సాయంత్రానికల్లా మజీదా నల్లకళ్లద్దాలతో వచ్చి టీవీ ముందు కూర్చుంది. చచ్చిన అత్త కనబడిందంటే, ఇక ఈ గల్లీలో మొగులయ్య మాట వినే చెవి ఉండదు.

"ఆపా, ఇయ్యాల కథ మంచిగుండదంట. రేపు చూద్దువు."

"గిన్ని రోజులు ఆగిన మొగులన్నా, జర చూడనియ్యి."

మూలన చిక్కుడుకాయలు తుంచుతున్న భార్య రాజమణికి అంతా తెలుసు. "చూడనియ్యరాదూ, ఏనుగు గిట మళ్ల వస్తదేమో" అంది.

టీవీలో కోడలు "అత్తయ్యా!" అని పిలిచింది. మొగులయ్య గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

"యా అల్లా, ఎవరీమె?" అంది మజీదా.

కళ్లు తెరిచాడు. ఎప్పుడూ చూడని మొహం! కింద అక్షరాలు నడుస్తున్నాయి: ఇకపై అత్త పాత్రలో కొత్త నటి. మజీదా తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం ఉర్దూలోనే.

"కింద ఏం రాసిండ్రో చదివి చెప్పు" అంది రాజమణి తీయగా.

మొగులయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "పెండ్లి ముచ్చట. మామ రెండో పెండ్లి చేస్కున్నడు ఆపా."

"ఇంత జల్దినా? నలభై దినాల చెహ్లుం దాంకన్న ఆగొద్దా!"

రాజమణి నోరు విప్పబోయి, మొగుడి మొహం చూసి, చిక్కుడుకాయల మీదకు వంగింది. ఆమె భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

కాసేపటికి మజీదా కళ్లద్దాలు సర్దుకుంది. "టీవీల గంత మజా లేదు మొగులన్నా. రేపటికెంచి నువ్వే చెప్పు."

"రేపటిదాంక ఎందుకు?" మొగులయ్య కుర్చీ ఆమె వైపు లాక్కున్నాడు. "ఈ కొత్తామెది ఏ ఊరనుకున్నవ్..."