మా వైఫైలో ఐదోవాడు

నేను తాళాలవాణ్ణి. బజారు మలుపులో నాలుగడుగుల కొట్టు, అందులో తాళంచెవులు కోసే మిషను, గోడనిండా కొక్కాలకు వేలాడే ఇంకా కొయ్యని చెవులు. ఈ పేటలో సగం తలుపులు నా చేతిమీదుగా పోయినవే. అలాంటి నన్ను చూసి ఆ నెట్ ఆవిడ నవ్వింది.

ఆవిడ ఇళ్ళకు ఇంటర్నెట్ బిగించే మనిషి. పనిముట్ల పెట్టె తాళంచెవి పారేసుకుని నా దగ్గరికొచ్చింది. నేను చెవి కోస్తుంటే ఊసుపోక అడిగింది.

"మీ ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారన్నా?"

"మార్చడమెందుకమ్మా? డబ్బా అడుగున స్టిక్కరు మీద రాసి ఉందిగా."

"ఊళ్ళోవాళ్ళందరికీ తాళాలేసి, మీ తలుపు మాత్రం బార్లా తీసి పెట్టుకున్నారన్నమాట."

నాకు రోషం వచ్చింది. అది చూసి ఆవిడే నా ఫోన్ తీసుకుని ఒక యాప్ పెట్టిచ్చింది. ఇంటికెళ్ళి ముందు రౌటర్ సొంత పాస్‌వర్డ్ మార్చమంది, తర్వాత వైఫైది. పొడుగ్గా ఉండాలట, పెళ్ళిరోజూ ఫోన్ నంబరూ పెట్టకూడదట. "అసలు ముందు మీ వైఫై ఎవరెవరు వాడుతున్నారో ఈ యాప్‌లో జాబితా చూసుకోండి, కొట్లోంచైనా కనబడుతుంది. పక్కింటివాళ్ళు కనబడినా ఆశ్చర్యపోకండి," అని చెవి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో జాబితా తెరిచాను. నా ఫోను, మా ఆవిడ ఫోను, టీవీ, వంటింట్లో ఆమె పాటలు వినే స్పీకరు. అక్కడితో అయిపోవాలి. కానీ కింద ఐదోది ఉంది. పేరు లేదు, అక్షరాలూ అంకెలూ కలగలిపిన ఏదో మోడల్ నంబరు. అది ఫోనేనని పక్కనున్న బొమ్మ చెబుతోంది. మధ్యాహ్నం రెండూ పదికి వచ్చి మూడింటికి వెళ్ళిపోయిందట.

మధ్యాహ్నం రెండింటికి నేను కొట్లో ఉంటాను. ఇంట్లో మా ఆవిడ ఒక్కతే ఉంటుంది.

మా ఆవిడది కుట్టుపని. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, వదులైనవి బిగించడం. మనిషి పనిమంతురాలు, చూడచక్కనిది, నాతో మాత్రం పొదుపుగా మాట్లాడుతుంది. రోజూ సాయంత్రం నేను ఆమె ఫోన్ తీసి చూస్తాను. దొంగచాటుగా కాదు, ఆమె ఎదురుగానే. మొగుడూపెళ్ళాల మధ్య దాపరికం ఏమిటని నా వాదన. ఆమె కూడా ఎప్పుడూ కాదనలేదు. తిరగేసినంతసేపూ పక్కన కూచుని దారం ఎక్కించుకుంటుంది. అందులో ఎప్పుడూ కొలతలూ, కస్టమర్ల మాటలూ తప్ప ఏమీ ఉండవు. అయినా నాకు నిమ్మళం లేదు. దీన్ని అసూయ అంటారని తెలుసు. నాకది పుట్టుకతోనే ఉంది, దాచుకోను.

ఇప్పుడు ఆ అసూయకు ఒక మోడల్ నంబరు దొరికింది. రెండూ పది నుంచి మూడు దాకా, యాభై నిమిషాలు. నా కుర్చీలోనే కూచుంటాడేమో. ఆమె నాకివ్వని మాటలన్నీ వాడికిస్తుందేమో.

వాడెవడో ఊహించడానికి ఎక్కువసేపు పట్టలేదు. మా పై వాటాలో మందులషాపులో పనిచేసేవాడు ఉంటాడు. పొద్దునా సాయంత్రమూ డ్యూటీ, మధ్యాహ్నం ఇంట్లోనే పడుంటాడు. ఒకసారి మా ఆవిడ "ఆయన మాట మెత్తన" అంది. అది విని ఏడాదైంది, ఇంకా నా గొంతు దిగలేదు.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో వస్తువులు పోతున్నాయని ఎవరైనా వస్తే, ఎవర్నీ అడగొద్దు, చడీచప్పుడు లేకుండా తాళం మార్చి కూచోండి అంటాను. పాత చెవి పట్టుకొచ్చినవాడు తలుపు ముందు తెల్లమొహం వేసుకుని దొరికిపోతాడు. నా పద్ధతి ఇంతవరకు తప్పలేదు. అందుకే ఆదివారం పూట కూచుని పాస్‌వర్డ్ మార్చాను. ఇరవై అక్షరాలు.

"ఇంత పొడుగుదా? మన వైఫైని ఎవరెత్తుకుపోతారండీ?" అంది మా ఆవిడ.

"ఎవరో ఎత్తుకుపోతున్నారు కాబట్టే," అని ఆమె మొహంలోకి చూశాను. ఆమె కొలతలు రాసుకునే అట్టముక్క మీద ఆ ఇరవై అక్షరాలూ ఓపిగ్గా రాసుకుంది.

సోమవారం కొట్లో కూచుని ఫోన్‌లో ఆ జాబితా చూస్తూనే ఉన్నాను. రెండు దాటింది, మూడు దాటింది, ఐదోవాడు రాలేదు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. సాయంత్రం ఆమెకిష్టమని ద్రాక్షపళ్ళు పట్టుకెళ్ళాను.

మంగళవారం రెండుంబావుకి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం కోసిన మూడు చెవులూ పనికిరాకుండా పోయాయి. తాళం మారిస్తే దొంగ బయట నిలబడతాడనుకున్నాను గానీ, లోపలివాళ్ళే కొత్త చెవి చేతికిస్తారని అనుకోలేదు. యాప్‌లో ఆ నంబరు పక్కన బ్లాక్ అని బటన్ ఉంది. బొటనవేలు దానిదాకా వెళ్ళి ఆగింది. నొక్కితే పోతాడు, కానీ ఎవడో తెలియకుండా పోతాడు. నాకు వాడి మొహం కావాలి.

సాయంత్రం తలనొప్పి మాత్ర వంకతో మందులషాపుకి వెళ్ళాను. అతని ఫోన్ బల్ల మీదే ఉంది. బటన్లు నొక్కే పాతకాలం ఫోను, దాంతో వైఫై వాడలేరు. ఇంకొకరైతే అక్కడితో సిగ్గుపడి ఇంటికెళ్ళేవారు. నేను మాత్రం, ఇంట్లో ఇంకోటి ఉండి ఉంటుంది, దాచుకునేవాళ్ళకే రెండేసి ఫోన్లుంటాయి అనుకున్నాను. అతను నీళ్ళు ఎక్కువ తాగమని మెత్తగా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బుధవారం పొద్దున బయల్దేరే ముందు మా గుమ్మం తాళంలో నూనె చుక్క వేశాను. రెండున్నరకి కొట్టు షట్టరు దించి ఇంటికి నడిచాను. చెవి తిప్పితే చీమకు కూడా వినబడలేదు.

లోపల మా ఆవిడ నవ్వుతోంది. కడుపు పట్టుకుని, ఊపిరందక, మధ్యమధ్య "ఆగవే బాబూ" అంటూ నవ్వుతోంది. పెళ్ళైన కొత్తలో విన్నాను ఆ నవ్వు. నాకది ఎన్నేళ్ళుగా దక్కలేదో లెక్క కూడా లేదు. తలుపు తోసుకుని గదిలోకి వెళ్ళాను.

"ఎవడు వాడు?"

ఆమె నేలమీద కూచుని ఉంది. ఒళ్ళో ఎవరిదో నల్ల ప్యాంటు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో నేనెప్పుడూ చూడని ఫోను. నవ్వు ఆగిపోయింది. నేను వెనక గది చూశాను, స్నానాలగది చూశాను, బాల్కనీలో తలుపు వెనక చూశాను.

"మంచం కింద చూళ్ళేదు," అంది.

వంగి చూశాను. అంత మనిషిని, మోకాళ్ళ మీద వంగి చూశాను.

"ఆ ఫోన్ ఎవరిది?"

"నాదే. కొని ఆర్నెల్లయింది. అవతల ఉన్నది మా అక్క."

"నీకు ఫోనుందిగా, ఇంకోటెందుకు?"

"అది మీదైపోయిందిగా." గొంతు పెంచలేదు. "దాన్లో ఎవరైనా జోకు పంపితే, సాయంత్రం మీరు చదివితే దానికి ఏ అర్థం తీస్తారోనని ముందు ఆలోచించాలి. ఆ తర్వాత నవ్వాలి. అప్పటికి నవ్వు రాదు. అందుకని రోజుకో గంట ఇందులో నవ్వుకుంటున్నాను."

అప్పుడు నేను నోరు మూసుకోవాల్సింది. అక్కని కూడా చూసి కుళ్ళుకునే బుద్ధి ఉంటుందా అంటే, ఉంటుంది. ఆ నవ్వు ఆవిడకెందుకు పోవాలి?

"అక్కే అయితే చూపించు మరి," అన్నాను.

ఆమె చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. సూది దిండుకు గుచ్చి, ప్యాంటు మడిచి పక్కన పెట్టింది. ఫోన్ లాక్ తీసి కుట్టుమిషను మీద ఉంచింది.

"చూసుకోండి. మీరు చూడకపోతే నేనిక్కడే ఉంటాను. చూస్తే మా అక్క దగ్గరికెళ్ళిపోతాను. కోపంతో అనట్లేదు. ఒక్కసారి చూడకుండా ఉండగలరేమో తెలుసుకుందామని."

తిరిగి ఆమె చేతికిచ్చేశానని చెప్పుకోగలిగితే బాగుండేది. అలా చెప్పుకోవాలని చాలా ఉంది. చెయ్యి దానంతటదే వెళ్ళిందని కూడా అనను. నేనే తీశాను.

అన్నీ అక్కాచెల్లెళ్ళ మాటలే. పొంగిపోయిన పాలు, పాడైన మిషను బెల్టు, అక్క మామగారి గురక. ప్రతి పది మాటలకూ ఒకసారి వాళ్ళక్క, "ఆ మనిషి మారడే, వచ్చెయ్" అని రాసింది. ప్రతిసారీ మా ఆవిడ నా తరఫున ఏదో ఒకటి చెప్పుకొచ్చింది. ఆఖరుది ఆ పొద్దుటిదే, నేను కొట్టుకి బయల్దేరాక పంపింది. "చెడ్డవాడు కాదక్కా. కాస్త అనుమానం, అంతే. తగ్గుతుంది. ఇంకొన్నాళ్ళు చూస్తాను."

తలెత్తేసరికి ఆమె పక్కగదిలో బట్టలు సంచిలో సర్దుతోంది. గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఇంకొన్నాళ్ళు చూస్తానని రాశావుగా," అన్నాను.

"అది పొద్దున," అంది, సంచి జిప్పు లాగుతూ.